వా పెడల్ కొంటున్నారా? ముందు మీ కాలిని అడగండి

నోరు గుండ్రంగా చుట్టి "ఊ" అనండి. శ్రుతి మార్చకుండా, ఊపిరి ఆపకుండా నెమ్మదిగా "ఆ" లోకి తెరవండి, అక్కడి నుంచి "ఏ" దాకా సాగదీయండి. గొంతులో స్వరం అదే. నోటి ఆకారం మారేకొద్దీ దాని రంగు మారింది. ఎలక్ట్రిక్ గిటార్‌కీ ఆంప్‌కీ (శబ్దం పెంచే పెట్టె) మధ్య కలిపి, కాలితో తొక్కే వా పెడల్ గిటార్ సౌండ్‌కి చేసేది ఇదే. మడమ నొక్కి ఉంచితే 400 హెర్ట్జ్ చుట్టుపక్కల, వేళ్లు నొక్కితే 2,000 హెర్ట్జ్ దగ్గర్లో ధ్వని ఒకచోట ఉబ్బుతుంది, దానికి అటూ ఇటూ తగ్గిపోతుంది. కాలు కదిలితే ఆ ఉబ్బు కిందికీ పైకీ జరుగుతుంది. ఒక పెడల్‌కీ ఇంకో పెడల్‌కీ తేడా ఎక్కువగా మూడు సంగతుల్లోనే: ఆ ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, ఎంత మొనదేలి ఉంటుంది, కాలు కదిలే దూరంలో ఎంత సమంగా జరుగుతుంది. డబ్బా మీది సంతకం, రంగు ఆ తర్వాతి మాట.

1966లో అమెరికాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరుకి ఒక చిన్న పని అప్పజెప్పారు: వాక్స్ ఆంప్‌లో మిడ్‌రేంజ్ (మధ్య స్థాయి ధ్వని) మార్చే ఖరీదైన స్విచ్ తీసేసి, దాని స్థానంలో చవకైన పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టాలి. ఆ పాట్ తిప్పుతుంటే వచ్చిన ధ్వనిని ఆర్గన్ వాల్యూమ్ పెడల్ డబ్బాలోకి ఎక్కించారు. 1967లో అది ట్రంపెట్ వాద్యకారుడు క్లైడ్ మెకాయ్ పేరుతో బజారుకొచ్చింది. ఇప్పటికీ వా పెడల్ ఆర్గన్ పెడల్‌లా ఉండటానికి, లోపల పాట్‌ని తిప్పే పళ్లపట్టీ-పళ్లచక్రం ఉండటానికి కారణం అదే.

మీ దగ్గర ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితో ఊపే పలక) ఉన్న మల్టీ-ఎఫెక్ట్స్ (చాలా ఎఫెక్టులు ఒకే డబ్బాలో ఉండేది) ఇప్పటికే ఉంటే కొనడం రెండు వారాలు ఆపండి. అందులోని వా మీద సాధన చేయండి. ధ్వని అంత బాగుండకపోవచ్చు, కానీ మీరు వా దేనికి వాడతారో తెలిసిపోతుంది: తీగలు అణిచిపట్టి "చకచక" లయ కొట్టడానికా, సోలోలో ఒక్కో స్వరాన్ని పలికించడానికా, సగంలో ఆపి ఉంచడానికా. ఈ మూడింటికీ సరిపోయే పెడళ్లు వేర్వేరు.

లోపల ఉన్నది ఎంత?

మామూలు వా సర్క్యూట్‌లో రెండు ట్రాన్సిస్టర్లు, ఒక ఇండక్టర్ (తీగచుట్ట), ఒక 100 కిలోఓమ్ పాట్, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంటాయి. ఇండక్టర్ సుమారు 500 మిల్లీహెన్రీ. స్వీప్ (ఉబ్బు కిందికీ పైకీ చేసే ప్రయాణం) ఎక్కడ పడాలో తేల్చే స్వీప్ కెపాసిటర్ 0.01 మైక్రోఫారడ్. ఈ రెండూ కలిస్తే అనునాదం, అంటే ఆ ఉబ్బు, దాదాపు 2,250 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంటే వేళ్లు పూర్తిగా దించినప్పుడు వినపడే "ఏ" అదే. మడమ వైపు వెళ్తుంటే పాట్ ఆ కెపాసిటర్‌ని సర్క్యూట్ కంటికి పెద్దదిగా చూపిస్తుంది, అనునాదం కిందికి దిగుతుంది.

ఈ లెక్క తెలిస్తే కొనేటప్పుడు ఎంతో ఉపయోగం. స్వీప్ కెపాసిటర్ 0.015 అయితే పై చివర 1,840 హెర్ట్జ్ దగ్గరికి, 0.022 అయితే 1,520 దగ్గరికి దిగుతుంది. "ఈ పెడల్ గొంతు బొంగురు" అని ఎవరైనా అంటే సాధారణంగా సంగతి ఇక్కడుంటుంది. ఇండక్టర్‌కి సమాంతరంగా ఉండే 33 కిలోఓమ్ రెసిస్టర్ ఉబ్బు ఎంత మొనదేలాలో తేలుస్తుంది. దాని విలువ పెంచితే గొంతు మరింత ముక్కులోంచి వస్తుంది, మరీ పెంచితే ఈల వేస్తుంది. నాబ్ ఉన్న పెడళ్లలో "క్యూ" అని రాసి ఉండేది ఈ గుణమే.

ఇక ఫాసెల్, హాలో అంటూ ఇండక్టర్ పేర్లు చెప్పి ధర పెంచేవాళ్లున్నారు. తేడా లేదని అనం. ఫాసెల్ ఉన్న పెడల్‌లో మధ్య భాగం కాస్త పాడినట్టు ఉంటుంది. అయితే పాట్ ఎలా తిరుగుతుంది, పళ్లచక్రం ఎక్కడ బిగించారు అన్నవాటి వల్ల వచ్చే తేడా ఇండక్టర్ తేడాకంటే పెద్దది. పళ్లచక్రం బిగింపుని స్క్రూడ్రైవర్‌తో ఉచితంగా మార్చుకోవచ్చు.

ఏది ఎవరికి

మొదటిసారి కొనేవాళ్లకి డన్‌లాప్ క్రై బేబీ జీసీబీ95 గానీ, వాక్స్ వీ847-ఏ గానీ చాలు. క్రై బేబీ కొంచెం పదునుగా, మెరుస్తూ ఉంటుంది. వాక్స్ కాస్త మెత్తన. సింగిల్ కాయిల్ గిటార్ (ఒంటి కాయిల్ పికప్, అంటే తీగల కంపనాన్ని పట్టే భాగం, ఉన్నది), ట్రెబుల్ (పై స్థాయి ధ్వని) ఎక్కువున్న ఆంప్ అయితే వాక్స్ వైపు మొగ్గు చూపండి. హంబకర్ (జంట కాయిల్ పికప్) గిటార్, డిస్టార్షన్ (ధ్వనిని గరుకు చేసే ఎఫెక్ట్) ఎక్కువ వాడేవాళ్లయితే క్రై బేబీ ఆ శబ్దాల గుంపులోంచి తోసుకుని బయటికొస్తుంది. ఈ రెండింటికీ విడిభాగాలు దొరుకుతాయి, పాడైతే బాగుచేసేవాళ్లు దొరుకుతారు, అమ్మితే కొనేవాళ్లూ దొరుకుతారు. ఈ మూడో సంగతిని తేలిగ్గా తీసుకోకండి.

ఒకే పెడల్‌తో రెండు మూడు గిటార్లు, రెండు మూడు రకాల పాటలు నడపాల్సినవాళ్లకి క్రై బేబీ 535క్యూ. ఆరు రేంజ్‌లు, క్యూ నాబ్, సోలోకి లేపే బూస్ట్ ఉంటాయి. కవర్ బ్యాండ్‌లో వాయించేవాళ్లు ఇది కొంటే ఇంకోటి కొనాలనిపించదు. జొటిక్ ఎక్స్‌డబ్ల్యూ-1 కూడా ఇలాగే బయాస్, క్యూ, ట్రెబుల్, బేస్ నాబ్‌లతో వస్తుంది, డబ్బా మామూలుదానికంటే చిన్నది, ధర మాత్రం పెద్దది. ఐబనీజ్ డబ్ల్యూహెచ్10లో డెప్త్ నాబ్, గిటార్-బేస్ స్విచ్ ఉంటాయి. ఫంక్ లయలు కొట్టేవాళ్లు దీన్ని వెతుక్కుంటూ వస్తారు.

చిన్న క్రై బేబీ సీబీఎం95 పెడల్ బోర్డు (పెడళ్లన్నీ అమర్చుకునే పలక) మీద సగం జాగానే తీసుకుంటుంది. లోపల మూడు రకాల గొంతులు మార్చే స్విచ్ ఉంది, ఫాసెల్ ఇండక్టర్ ఉంది. ధ్వనికి వంక పెట్టలేం. ఇబ్బంది కాలితోనే: తొక్కుడుపలక పొట్టిది కాబట్టి అదే "ఊ-ఆ-ఏ" ప్రయాణం తక్కువ కదలికలో అయిపోతుంది. లయకి హాయిగా ఉంటుంది, ఒక్కో స్వరాన్ని నెమ్మదిగా తెరవాలంటే కాలికి పట్టు దొరకదు.

స్విచ్ లేనివి ఒక వేరే జాతి. మోర్లీ బ్యాడ్ హార్సీ, క్రై బేబీ 95క్యూ మీద కాలు పెడితే ఆన్ అవుతాయి, తీస్తే స్ప్రింగ్ వెనక్కి తెచ్చి ఆఫ్ చేస్తుంది. పాడుతూ వాయించేవాళ్లకి ఇవి వరం, స్విచ్ వెతుక్కోనక్కర్లేదు. కానీ పెడల్‌ని సగంలో వదిలేసి కాలు తీయడం కుదరదు. సగం తెరిచిన వా ధ్వని మీకు ఇష్టమైతే వీటి జోలికి పోకండి. మోర్లీలో పాట్ బదులు వెలుతురుతో పనిచేసే ఏర్పాటు ఉంటుంది, అరిగేదేమీ లేదు కాబట్టి గరగరలు రావు.

బేస్ గిటార్‌కి గిటార్ వా కొనకండి. ఉబ్బు పైకి వెళ్లినకొద్దీ అడుగు ఊడిపోయి, బ్యాండ్ మొత్తం ఒక్కసారిగా పలచబడుతుంది. కింది స్వరాలని ముట్టుకోని క్రై బేబీ 105క్యూ లాంటి బేస్ వాలు అందుకే ఉన్నాయి.

కాలి సంగతి

మన ఇళ్లలో గిటార్ సాధన చేసేది చెప్పుల్లేకుండా. దుకాణంలో పరీక్షించేది బూట్లతో. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. క్రై బేబీ, వాక్స్ పెడళ్లలో ఆన్-ఆఫ్ స్విచ్ తొక్కుడుపలక ముందు భాగం కింద ఉంటుంది. దాన్ని "క్లిక్" అనిపించాలంటే వేళ్ల మీద ఒంటి బరువు వేయాలి. బూటుతో అది తెలియదు. ఉత్త కాలితో అయితే బొటనవేలి కింది కండ నొక్కుకుపోతుంది, రెండు మూడుసార్లు తొక్కినా పడదు. అందుకే దుకాణంలో బూటు విప్పి ఒకసారి, వేసుకుని ఒకసారి తొక్కండి. కూర్చుని వాయించే అలవాటుంటే కూర్చునే పరీక్షించండి, ఎందుకంటే కూర్చున్నప్పుడు ఒంటి బరువు కాలి మీద ఉండదు.

పూర్తి సైజు పెడల్ సుమారు పది అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు. బోర్డు మీద దాని జాగాతో పాటు, వేళ్లు దించినప్పుడు ముందుకు వచ్చే మీ పాదానికీ జాగా వదలండి. జాక్‌లు పక్కల ఉంటాయి, ఇన్‌పుట్ కుడివైపు. నేరు ప్లగ్ అయితే ప్రతి వైపూ మరో రెండు అంగుళాలు తింటుంది, ఎల్ ఆకారపు ప్లగ్ వాడితే కలిసొస్తుంది.

పెడళ్ల గొలుసులో ఎక్కడ

కొనేముందే ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే మీ మిగతా పెడళ్లని బట్టి కొనాల్సిన రకం మారుతుంది. మామూలుగా గిటార్ తర్వాత మొదటిది వా, ఆ తర్వాత ఓవర్‌డ్రైవ్ (తేలికపాటి గరుకు), డిస్టార్షన్. అచ్చు గొంతులా పలికేది ఇలా పెడితేనే. డిస్టార్షన్ తర్వాత పెడితే స్వీప్ పెద్దగా, సింథ్‌లా, కాస్త మొరటుగా వస్తుంది. అది కావాలని కోరుకునేవాళ్లున్నారు. రెండూ విని తేల్చుకోండి.

చిక్కు ఫజ్‌తో (ధ్వనిని బాగా చీల్చే పాతరకం డిస్టార్షన్) వస్తుంది. ఫజ్ ఫేస్ రకం పెడల్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చాలా తక్కువ, అంటే ముందున్న పెడల్ మీద బరువు ఎక్కువ వేస్తుంది. బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా కాపాడే చిన్న సర్క్యూట్) లేని వా దాని ముందు పెడితే స్వీప్ చచ్చిపోతుంది, లేదా ఈల, కూత మొదలవుతాయి. పెడల్ పాడైందని వెనక్కి తీసుకెళ్లేవాళ్లలో కొందరి సమస్య ఇదే. దారులు రెండు: వాని ఫజ్ తర్వాతికి మార్చడం, లేదా వా అవుట్‌పుట్‌లో బఫర్ పెట్టడం. అలాగే బఫర్ ఉన్న వా ఆఫ్‌లో ఉన్నా, దాని వెనక ఉన్న ఫజ్‌ని గిటార్ వాల్యూమ్ తగ్గించి శుభ్రం చేసే కిటుకు పనిచేయదు. ఫజ్ మీద మమకారం ఉంటే ట్రూ బైపాస్ వా (ఆఫ్ చేస్తే సిగ్నల్ సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా పోయేది) చూడండి. ఫజ్ అసలు వాడరు, కేబుళ్లు పొడవు అంటారా, బఫరే మేలు, ట్రెబుల్ నిలబడుతుంది.

కరెంటు

చిన్న విషయంలా కనిపిస్తుంది, పెడళ్లు కాలిపోయేది మాత్రం ఇక్కడే. వాకి కావాల్సింది 9 వోల్టులు, డీసీ, మధ్య పిన్ నెగటివ్. ఇంట్లో మూలన పడి ఉన్న రౌటర్ అడాప్టర్ కూడా 9 వోల్టులే ఉండొచ్చు, ప్లగ్ కూడా దూరొచ్చు. కానీ చాలా రౌటర్ అడాప్టర్లలో మధ్య పిన్ పాజిటివ్. అడాప్టర్ మీద చిన్న వృత్తాల బొమ్మ ఉంటుంది, మధ్య చుక్కకి గీత కలిసి మైనస్ గుర్తు దగ్గరికి వెళ్లాలి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 3 నుంచి 12 వోల్టుల దాకా తిప్పుకునే చవక అడాప్టర్లూ వద్దు. మామూలు వా తీసుకునేది ఒక మిల్లీయాంపు అటూ ఇటూ. అంత తక్కువ లోడ్ మీద ఆ అడాప్టర్లు 9 అని చెప్పి 13, 14 వోల్టులు ఇస్తాయి, దానికి తోడు హమ్ (గుంయ్‌మనే రొద). అమెరికా నుంచి చుట్టాలతో తెప్పించుకుంటే అడాప్టర్ మీద 100-240 వోల్ట్ అని రాసి ఉందో లేదో చూడండి. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టకండి.

బ్యాటరీ మీద కూడా నెలల తరబడి నడుస్తుంది, ఒక షరతు మీద: వాయించడం అయ్యాక ఇన్‌పుట్ జాక్‌లోంచి కేబుల్ తీసేయాలి. కేబుల్ ఉన్నంతసేపూ పెడల్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ ఖర్చవుతుంది. జింక్-కార్బన్ చవక బ్యాటరీని లోపల పెట్టి మర్చిపోతే కారుతుంది. ఆల్కలైన్ పెట్టండి, ఆరు నెలలకొకసారి తీసి చూడండి. పాత మోడళ్లలో బ్యాటరీ మార్చాలంటే అడుగున నాలుగు రబ్బరు కాళ్లూ విప్పాలి. కచేరీ మధ్యలో ఆ పని మొదలుపెట్టేలా తెచ్చుకోకండి.

దుకాణంలో పది నిమిషాలు

ఫుర్టాడోస్, బజావో లాంటి చోట్ల ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా ఇదే పరీక్ష ఇంట్లో, వెనక్కి ఇచ్చే గడువు లోపల చేయండి. మీ గిటారే తీసుకెళ్లండి.

ఆంప్‌ని క్లీన్‌లో (డిస్టార్షన్ లేకుండా) పెట్టి, టోన్ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచండి. తీగలు ఎడమ చేత్తో అణిచిపట్టి కొడుతూ, మడమ నుంచి వేళ్ల దాకా నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా పెడల్ కదపండి. ధ్వని ఒక్క తీరున తెరుచుకుంటూ పోవాలి. మొదటి సగం ఏమీ జరగకుండా చివర్లో ఒక్కసారిగా "ఏ" అని అరిస్తే పాట్ టేపర్ (తిప్పేకొద్దీ విలువ మారే తీరు) సరిగా లేదు, లేదా పళ్లచక్రం తప్పు చోట ఉంది. తర్వాత గిటార్ వాల్యూమ్ సున్నా చేసి మళ్లీ కదపండి. గరగర వినిపిస్తే పాట్ అరిగింది లేదా మట్టి పట్టింది. కొత్త పెడల్‌లో అది ఉండకూడదు.

తర్వాత మడమ వైపు పూర్తిగా నొక్కి ఒక కార్డ్ కొట్టండి. మసకగా ఉండొచ్చు, వాల్యూమ్ మాత్రం మరీ పడిపోకూడదు. వేళ్ల వైపు నొక్కి పై తీగ మీద పన్నెండో మెట్టు దాటి వాయించండి. చెవిలో సూది గుచ్చినట్టుంటే ఇంటికెళ్లాక ఇంకా చిరాకు పెడుతుంది. ఇప్పుడు డిస్టార్షన్ ఆన్ చేసి మళ్లీ మొదటినుంచి. క్లీన్‌లో ముద్దొచ్చిన పెడల్ డిస్టార్షన్‌లో ఉత్త హిస్ (బుస శబ్దం) మాత్రమే మిగల్చొచ్చు, దీనికి తలకిందులుగా కూడా జరగొచ్చు.

చివరగా ఆఫ్ చేసి వాయించండి. వెంటనే పెడల్ తీసేసి, కేబుల్ నేరుగా ఆంప్‌లో పెట్టి అదే కార్డ్ కొట్టండి. నేరుగా ఉన్నప్పుడు స్పష్టంగా మెరిసి, పెడల్ గుండా వచ్చినప్పుడు దుప్పటి కప్పినట్టుంటే, ఆఫ్‌లో ఉన్నా సర్క్యూట్ మీ సిగ్నల్ తాగుతోంది. పాత క్రై బేబీల్లో ఇది బాగా తెలిసిన జబ్బు.

హమ్ వస్తే పెడల్‌ని తిట్టే ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూడండి. ఇండక్టర్ అంటే కాయిల్, పక్కనున్న పవర్ సప్లై ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటుంది. అడుగు దూరం జరిపితే పోయే హమ్ పెడల్ తప్పు కాదు, మీ బోర్డు అమరిక తప్పు.

సెకండ్ హ్యాండ్ అయితే

వా పెడల్ సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి మంచి వస్తువు. డబ్బా పోతపోసిన లోహం, పగలదు. సాధారణంగా పోయే భాగాలు పాట్, స్విచ్, జాక్‌లు, మూడూ మార్చుకోవచ్చు. అడుగు పలక విప్పి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే ధర తగ్గించండి, లేదా వదిలేయండి. లోపల చూడాల్సినవి: బ్యాటరీ చోట ఆకుపచ్చ, తెల్ల పొడి ఉందా, పళ్లపట్టీ పళ్లు అరిగాయా, పట్టీని చక్రానికి ఒత్తి పట్టే క్లిప్ ఉందా, ఎవరైనా టంకం పెట్టి మార్చారా. మార్పులు చేసి ఉంటే ఏం మార్చారో అడగండి. ట్రూ బైపాస్ స్విచ్, ఎల్ఈడీ పెట్టి ఉంటే లాభమే. "సౌండ్ పెంచాను" అని మాత్రమే చెప్పగలిగితే అది లాభం కాదు. గరగరలాడే పెడల్‌ని పాట్ ఖర్చు తగ్గించుకుని నిర్భయంగా కొనొచ్చు. ఇండక్టర్ తెగిపోయింది, స్వీప్ అసలు లేదు అంటే మాత్రం వదిలేయండి.

ఇంటికి తెచ్చాక

తొక్కుడుపలక బిగువు కాలు తీసినా ఉన్నచోటే నిలబడేంత ఉండాలి. వదిలేస్తే దానంతటది పడిపోతుంటే ఇరుసు దగ్గరి నట్ కొంచెం బిగించండి. కిర్రుమంటే ఇరుసులో ఒక్క చుక్క గ్రీజు. వంట నూనె, కొబ్బరి నూనె వద్దు, దుమ్ము పట్టి బంకైపోతుంది.

స్విచ్ పడటం కష్టంగా ఉంటే దాని నట్ వదులు చేసి స్విచ్‌ని కొద్దిగా పైకి లేపండి. మరీ లేపితే పలక ముందుగానే ఆగిపోతుంది, "ఏ" దాకా వెళ్లదు. వాయిస్తుంటే దానంతటది ఆఫ్ అయిపోతుంటే దించండి. పావు తిప్పు చొప్పున సర్దుతూ చూసుకోండి.

స్వీప్ మీ చెవికి పైకో కిందికో ఉంటే, అడుగు పలక తీసి, పళ్లపట్టీని చక్రం నుంచి వేలితో వెనక్కి లాగి, చక్రాన్ని ఒక్క పన్ను మేర తిప్పి మళ్లీ కలపండి. ముందు చక్రం మీద, పట్టీ మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, వెనక్కి రావడానికి. ఒకవైపు ఒక పన్ను తిప్పితే మడమ చివర ఇంకా చీకటిగా, రెండోవైపు తిప్పితే వేళ్ల చివర ఇంకా పదునుగా అవుతుంది. రెండూ ఒకేసారి దక్కవు. కలిపాక పలకని చేత్తో పూర్తిగా అటూ ఇటూ ఆడించండి. పాట్ ఏదో చివర గట్టిగా తగిలి ఆగుతుంటే అక్కడే ఆపి, ఒక పన్ను వెనక్కి తిప్పండి. అలాగే కాలితో తొక్కితే పాట్ లోపలి ఆపు విరిగిపోతుంది.

పాట్ మార్చాల్సి వస్తే వా కోసమే చేసిన 100 కిలోఓమ్ పాట్ తెప్పించుకోండి. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే మామూలు 100 కే పాట్ విలువ సరిపోతుంది కానీ టేపర్ వేరు. కదలికంతా ఒక మూలకి చేరిపోయి, మీరు పరీక్షించి మరీ ఎంచుకున్న స్వీప్ పోతుంది.